పాత సిస్టమ్‌కి ఏ బ్రౌజర్? అప్‌డేట్ చెయ్యాలా, మార్చాలా, విండోసే తీసెయ్యాలా?

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో గానీ, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ వైపు నెట్ సెంటర్లలో గానీ ఈ మాట తరచూ వినబడుతుంది: "ఏటి బాబూ, అప్‌డేట్ చేసిన కాడ్నించీ సిస్టమ్ కదల్నేదు." దాని వెనకే ఇంకో మాట వస్తుంది, "అందుకే నేను అప్‌డేట్లన్నీ ఆపేశాను" అని. మొదటి మాటలో కొంత నిజం ఉంది. రెండోది మాత్రం ప్రమాదం, అదే సిస్టమ్‌లో బ్యాంకు లాగిన్లు, ఆధార్ పనులు, మీభూమిలో వన్‌బీ ప్రింట్లు, పిల్లల ఎంట్రన్స్ అప్లికేషన్లు అన్నీ నడుస్తుంటే మరీను.

నా లెక్క ముందే చెప్పేస్తాను. కొత్త వెర్షన్ రావడం వల్లే నెమ్మదించిన సిస్టమ్‌లు తక్కువ, ర్యామ్ (తెరిచిన పనులు నడవడానికి సిస్టమ్ వాడుకునే తాత్కాలిక మెమరీ) చాలక ముందే ఈడ్చుకుంటూ నడుస్తున్నవి ఎక్కువ, అప్‌డేట్ ఆ కొరతని బయటపెడుతుంది అంతే. కాబట్టి క్రోమా, ఫైర్‌ఫాక్సా అని వాదించుకునే ముందు మీ సిస్టమ్‌లో మూడు సంగతులు చూడండి: విండోస్ ఏది, ర్యామ్ ఎంత, లోపల ఉన్నది హార్డ్ డిస్కా, దానికంటే చాలా వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీనా. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ నొక్కితే మొదటి రెండూ కనబడతాయి, 32 బిట్టా 64 బిట్టా అన్నది కూడా అక్కడే ఉంటుంది, అది కూడా రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. మూడోది విండోస్ 10 అయితే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో ఉంటుంది. విండోస్ 7 అయితే సిస్టమ్ కొన్నది ఎప్పుడో గుర్తు చేసుకుంటే చాలు, ఎవరూ మార్చకపోతే అది హార్డ్ డిస్కే.

ఇంకొకటి, నెట్ స్లోనా సిస్టమ్ స్లోనా అన్నది ముందు తేల్చుకోండి. అదే వైఫై మీద ఫోన్‌లో అదే పేజీ తెరవండి. ఫోన్‌లో టక్కున వచ్చి సిస్టమ్‌లో గుండ్రం తిరుగుతూ ఉంటే తప్పు సిస్టమ్‌ది. రెండింటిలోనూ తిరుగుతుంటే ఈ వ్యాసం మూసేసి నెట్ కనెక్షన్ వాళ్లకి ఫోన్ చెయ్యండి.

అప్‌డేట్ చేస్తే లోపల ఏం మారుతుంది?

కొత్త బ్రౌజర్ పేజీని నడిపే పద్ధతి పాతదాని కంటే వేగమే. పేజీల్లోని కోడ్‌ని నడిపే జావాస్క్రిప్ట్ ఇంజన్లని ఏళ్ల తరబడి చెక్కుతూనే ఉన్నారు, ఫైర్‌ఫాక్స్ 2017 నవంబర్‌లో క్వాంటమ్ పేరుతో వచ్చిన 57వ వెర్షన్‌తో ఎంత మారిందో అప్పట్లో వాడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. మరి సిస్టమ్ ఎందుకు కూర్చుంటుంది అంటే, వేగంతో పాటు మెమరీ వాడకం కూడా పెరిగింది కాబట్టి. దీనికి పెద్ద కారణాల్లో ఒకటి భద్రత. 2018 జనవరిలో ప్రాసెసర్లలో స్పెక్టర్ అనే లోపం బయటపడింది, ఒక సైటు పక్క సైటు డేటాని దొంగచాటుగా చదివే అవకాశం ఉందని తేలింది. దాంతో ఆ ఏడాదే క్రోమ్ 67తో ఒక్కో సైటుని ఒక్కో వేరే ప్రాసెస్‌లో (విడి ప్రోగ్రామ్‌లా) నడపడం మొదలుపెట్టారు, దీనివల్ల మెమరీ 10 నుంచి 13 శాతం దాకా అదనంగా పడుతుందని గూగులే చెప్పింది. ఫైర్‌ఫాక్స్ కూడా 2021 చివర్లో అదే దారి పట్టింది.

8 జీబీ ఉన్న సిస్టమ్‌కి ఆ 13 శాతం ఒక లెక్కలోది కాదు. 2 జీబీ ఉన్నదానికి మాత్రం రెండు మంచాలు పట్టే గదిలో మగపెళ్లివారందర్నీ దింపినట్టే. చోటు చాలక విండోస్ కొంత డేటాని హార్డ్ డిస్క్‌లో పడేసి మళ్లీ తెచ్చుకోవడం మొదలుపెడుతుంది, హార్డ్ డిస్క్ ర్యామ్ కంటే ఎన్నో రెట్లు నెమ్మది, ఆ పైన క్యాబినెట్ ముందున్న ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. ఆ లైటు అలా వెలుగుతున్నంతసేపు మీరు ఏ బ్రౌజర్ మార్చినా పెద్ద తేడా రాదు. విండోస్ 10లో టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ దగ్గర 100 శాతం, ప్రాసెసర్ దగ్గర చూస్తే దాదాపు ఖాళీ. ప్రాసెసర్ పాతబడిపోయింది, కొత్త సిస్టమ్ కొనాలి అని షాపులో చెప్పేవాళ్లకి ఈ రెండు అంకెలు చూపించండి.

అప్‌డేట్ అయిన మొదటి రోజు ఎలాగూ కొంచెం మొరాయిస్తుంది, దాన్ని పట్టించుకోకండి. పాత వెర్షన్‌లో దాచిపెట్టుకున్న కోడ్ క్యాష్ కొత్త వెర్షన్‌కి పనికిరాదు, మళ్లీ తయారు చేసుకుంటుంది, యాంటీవైరస్ కూడా కొత్త ఫైళ్లన్నీ ఒకసారి తడిమి చూస్తుంది. రెండు రోజులు వాడాక కూడా అలాగే ఉంటే అప్పుడు ఆలోచించాలి.

విండోస్ 7 ఉన్నవాళ్లకి

కోర్ టు డుయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 32 బిట్ విండోస్ 7, ఇలాంటి సిస్టమ్‌లు రాజాం, చీపురుపల్లి, నరసన్నపేట లాంటి ఊళ్లలో ఇప్పటికీ షాపుల్లో కాలం గడుపుతున్నాయి, ఎందుకంటే వాటిలో అను ఫాంట్లు, పేజ్‌మేకర్ పెట్టి శుభలేఖలు, ఫ్లెక్సీ మేటర్ కొడుతుంటారు, ఆ పనికి అవి బ్రహ్మాండంగా సరిపోతాయి. వాటిని తిట్టాల్సిన పనేం లేదు. సమస్యల్లా నెట్‌తోనే.

విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2020 జనవరి 14తో అయిపోయింది. క్రోమ్ 109 దాకానే దాని మీద నడుస్తుంది, 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 ఉండాల్సిందే. ఎడ్జ్ కూడా 109 దగ్గరే ఆగింది. అంటే మీ విండోస్ 7లో క్రోమ్ "అప్‌డేట్ కావట్లేదు" అంటే అది పాడవడం కాదు, దాని ప్రయాణం అక్కడితో సరి. నెట్‌లో ఎవరో ఇచ్చిన సెటప్ ఫైల్ తెచ్చి బలవంతంగా ఎక్కించాలని చూడకండి, దాంతో పాటు ఏం దిగుతుందో తెలీదు.

ఇక్కడ నా ఓటు ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్‌కి. ఈఎస్‌ఆర్ అంటే ఫీచర్లు మార్చకుండా భద్రతా మరమ్మతులు మాత్రమే ఇచ్చే వెర్షన్. విండోస్ 7, 8, 8.1ల మీద నడిచే ఆఖరి ఫైర్‌ఫాక్స్ ఇది, 2023 జూలైలో వచ్చింది, 2024 సెప్టెంబర్‌తో ఆపేస్తామని మొదట చెప్పి, వాడేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారని గడువు పొడిగిస్తూ వచ్చారు. క్రోమ్ 109 ఆగిపోయాక కూడా దీనికి మరమ్మతులు అందాయంటే ఆ తేడా చిన్నది కాదు. వేగం విషయంలో రెండింటికీ 2 జీబీ మీద చెప్పుకోదగ్గ తేడా ఉండదు, ఒక్కోసారి క్రోమ్ 109 కొంచెం చురుగ్గా తెరుచుకుంటుంది కూడా. అయినా నేను ఫైర్‌ఫాక్సే అంటాను. యాడ్లు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ దానిలో పూర్తి బలంతో పనిచేస్తుంది, తెలుగు వార్తల సైట్లలో పక్కన, కింద, మధ్యలో, వీడియో రూపంలో దిగే ప్రకటనలన్నీ ఆగిపోతే 2 జీబీ సిస్టమ్ కూడా ఊపిరి పీల్చుకుంటుంది. పాత సిస్టమ్‌కి డబ్బు ఖర్చు లేకుండా చెయ్యగలిగినవాటిలో ఇంత ఫలితం ఇచ్చేది నాకింకోటి కనబడలేదు. క్రోమ్‌లో అయితే 2025 నాటికి అసలు యూబ్లాక్ ఆరిజిన్‌ని తీసేశారు, దాని బదులు లైట్ అని ఒకటి ఉంది, ఫర్వాలేదు గానీ అంత గట్టిది కాదు.

సూపర్మియం అని ఇంకోటి ఉంది, క్రోమ్‌కి మూలమైన క్రోమియం కోడ్‌ని విండోస్ 7, ఎక్స్‌పీ మీద కూడా నడిచేలా తయారు చేస్తున్నారు. పని చేస్తుంది. ఫైర్‌ఫాక్స్ 115లో తెరుచుకోని ఒకటీ అరా సైటు కోసం ఉంచుకోవచ్చు. బ్యాంకు పనికి మాత్రం కొద్దిమంది నడిపే బ్రౌజర్ మీద ఆధారపడటం నాకు నచ్చదు, ఇది నా భయం, మీ ఇష్టం. ఒపెరా, బ్రేవ్ కొత్త వెర్షన్లు విండోస్ 7కి రావు కాబట్టి వాటి గురించి వదిలెయ్యండి. ఎక్స్‌పీ ఉంటే మాత్రం నెట్ వైరు పీకేసి డీటీపీకి ఉంచుకోవడమే.

"ఉన్న వెర్షన్‌తో సుఖంగా ఉంది కదా, ఎందుకు కదపడం" అనేవాళ్లకి ఒక సంగతి. బ్రౌజర్‌ని మీరు కదపకపోయినా అదే చెడిపోతుంది. సైట్లని నమ్మడానికి వాడే సర్టిఫికెట్లకి గడువు ఉంటుంది. 2021 సెప్టెంబర్ 30న అలాంటి ఒక మూల సర్టిఫికెట్ గడువు తీరితే పాత సిస్టమ్‌లలో బోలెడు సైట్లు "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అని ఎర్రజెండా ఎత్తాయి. 2025 మార్చి 14న ఫైర్‌ఫాక్స్ సొంత మూల సర్టిఫికెట్ గడువు తీరింది, 128 కంటే పాత వెర్షన్లలో, ఈఎస్‌ఆర్ అయితే 115.13 కంటే పాతవాటిలో యాడ్ఆన్లకి (యూబ్లాక్ ఆరిజిన్ లాంటి చేర్పులకి) ఎసరొచ్చింది. అంటే 115 ఉంటే చాలదు, 115లోనే ఆఖరిది ఉండాలి. హెల్ప్ మెనూలో అబౌట్ ఫైర్‌ఫాక్స్ నొక్కితే ఉన్న వెర్షన్ చూపించి, కొత్తది ఉంటే దానంతటదే దించుకుంటుంది.

విండోస్ 10, 4 జీబీ: అసలు గొడవ ఇక్కడే

ఇళ్లలో ఎక్కువగా ఉన్నది ఇదే. రెండో తరమో మూడో తరమో ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, మొదట్లో విండోస్ 7 ఉండేది, తర్వాత ఎవరో విండోస్ 10 ఎక్కించి ఇచ్చారు. ఆ 4 జీబీలో సగానికి దగ్గర విండోసే తినేస్తుంది, మీరింకా ఏమీ తెరవకముందే. మిగిలిన రెండులో బ్రౌజర్, వర్డ్, వాట్సాప్ వెబ్, యాంటీవైరస్ సర్దుకోవాలి.

ఇక్కడ అప్‌డేట్ చెయ్యాలా వద్దా అన్న ప్రశ్నే లేదు, చెయ్యాలి, ఎందుకంటే పాత సిస్టమ్‌లకి పనికొచ్చే సదుపాయాలు కొత్త వెర్షన్లలోనే వచ్చాయి. వాడని ట్యాబులని మెమరీలోంచి దించేసే మెమరీ సేవర్ క్రోమ్‌లోకి 2022 చివర్లో వచ్చింది. ఎడ్జ్‌లో ట్యాబులు నిద్రపుచ్చే పద్ధతి 2021 నుంచే ఉంది. ఫైర్‌ఫాక్స్ కూడా 2021 అక్టోబర్‌లో వచ్చిన 93 నుంచి విండోస్‌లో మెమరీ అడుగంటుతుంటే పాత ట్యాబులని దానంతటదే దించేస్తుంది. ఆ రోజులకి ముందు వెర్షన్ పట్టుకు వేలాడేవాళ్లు ఇవన్నీ పోగొట్టుకుంటున్నారన్నమాట.

మరి మూడిట్లో ఏది? రోజంతా ట్యాబులు తెరిచి పెట్టుకునే అలవాటు ఉంటే ఎడ్జ్. అది విండోస్‌తో పాటే ఉంటుంది, ఇంకోటి ఎక్కించక్కర్లేదు, నిద్రపుచ్చే పనిలో గట్టిది, పైగా విండోస్ 10 మీద ఎడ్జ్‌కి కనీసం 2028 అక్టోబర్ దాకా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. దానికున్న జబ్బు వేరే: తెరవగానే వార్తలు, వాతావరణం, బొమ్మలు, షాపింగ్ సలహాలు. మొదటి రోజే కొత్త ట్యాబ్ పేజీలో ఇవన్నీ ఆపేసి, సెట్టింగ్స్‌లో స్టార్టప్ బూస్ట్ కూడా ఆపండి, లేకపోతే మీరు మూసేసినా అది వెనకాల కూర్చునే ఉంటుంది. క్రోమ్‌లో కూడా మూసేశాక వెనకాల యాప్‌లు నడవనిచ్చే ఒక స్విచ్ సిస్టమ్ అనే విభాగంలో ఉంటుంది, అదీ ఆపాల్సిందే.

ప్రకటనల సైట్లు ఎక్కువగా చూసేవాళ్లయితే ఫైర్‌ఫాక్స్, కారణం పైన చెప్పిందే. ఫోన్‌లో పాస్‌వర్డ్లు, బుక్‌మార్కులు అన్నీ గూగుల్ ఖాతాలో ఉండి వాటితోనే బతుకు నడుస్తుంటే క్రోమ్‌లోనే ఉండిపోండి, మార్చడం వల్ల వచ్చే తలనొప్పి కంటే మెమరీ సేవర్‌ని గట్టి స్థాయిలో పెట్టుకోవడం మేలు. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, ఏ ట్యాబు, ఏ ఎక్స్‌టెన్షన్ (యాడ్ఆన్‌కే ఇంకో పేరు) ఎంత తింటోందో అందులో కనబడుతుంది. ఎవరో ఎప్పుడో పెట్టిన పీడీఎఫ్ కన్వర్టరో, కూపన్లు వెతికే ఎక్స్‌టెన్షనో పైన కూర్చుని ఉంటే ఆశ్చర్యపోకండి, తీసెయ్యండి.

తత్కాల్ టికెట్లు కొట్టుకునేవాళ్లకి ఒక మాట. ఏసీకి ఉదయం 10కి, స్లీపర్‌కి 11కి తెరుచుకునే ఆ రెండు నిమిషాల్లో బ్రౌజర్ బ్రాండు కంటే, అంతకు ముందు బ్రౌజర్ మూసి మళ్లీ తెరిచి ఆ ఒక్క ట్యాబే ఉంచడం ఎక్కువ పని చేస్తుంది. అప్‌డేట్ ముందు రోజు రాత్రే అయిపోయిందో లేదో చూసుకోండి, టెన్షన్ తగ్గుతుంది.

యూట్యూబ్ ఆగి ఆగి వస్తుంటే

ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్నే "అప్‌డేట్ తర్వాత స్లో అయింది" అంటారు. యూట్యూబ్ ఇప్పుడు వీడియోలని ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే పద్ధతుల్లో కుదించి పంపిస్తుంది. ఇంటెల్ చిప్‌లలో వీపీ9ని గ్రాఫిక్స్ భాగమే పూర్తిగా విప్పగలగడం 2016–17 నాటి ఏడో తరంతో వచ్చింది, ఏవీ1కి అయితే 2020 నాటి పదకొండో తరం దాకా ఆగాల్సి వచ్చింది. యూట్యూబ్ పంపేవాటిలో మీ రెండో తరం ఐ3కి తెలిసింది హెచ్.264 అనే పాత పద్ధతి ఒక్కటే. కొత్త బ్రౌజర్ "నాకు ఏవీ1 వచ్చు" అని చెప్పగానే యూట్యూబ్ అదే పంపుతుంది, గ్రాఫిక్స్ భాగం చేతులెత్తేస్తుంది, పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది, ఫ్యాను విమానంలా మోగుతుంది. దీనికి మందు హెచ్264ఐఫై అనే చిన్న ఎక్స్‌టెన్షన్, ఫైర్‌ఫాక్స్‌కి దొరుకుతుంది, యూట్యూబ్‌ని హెచ్.264లోనే పంపమని బలవంతపెడుతుంది. 1080కి మించి రాదు, మీ మానిటర్‌కి అదే ఎక్కువ. దీనికితోడు సెట్టింగ్స్‌లో, పనిని గ్రాఫిక్స్ భాగానికి అప్పజెప్పే గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. పాత గ్రాఫిక్స్ డ్రైవర్లు ఉన్నచోట బ్రౌజరే దాన్ని పక్కన పెట్టేస్తుంది, అప్పుడు డ్రైవర్ కొత్తది వేసుకుంటే సరిపోవచ్చు. కొన్ని చిప్‌లకి మాత్రం ఆన్ చేస్తే తెర మెరుస్తుంది, ఆపితేనే నయం. రెండు రకాలుగానూ పెట్టి చూడటం తప్ప వేరే దారి లేదు.

లినక్స్ మాటేమిటి?

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి ఈ ప్రశ్న ఇప్పుడు ఎక్కువైంది. 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ఉంటే విండోస్ బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి దానిలో కొత్త ఫైర్‌ఫాక్స్ వాడితే బ్రౌజింగ్ వరకు సిస్టమ్ తేలికపడుతుంది, ఖర్చు లేదు, భద్రతా అప్‌డేట్లు అందుతాయి. ఇంట్లో పిల్లల చదువుకి, వార్తలకి, మెయిల్‌కి నేను నిస్సంకోచంగా ఇదే చెప్తాను. కోర్ టు డుయో కూడా 64 బిట్టే, అందులో ఉన్న విండోస్ 32 బిట్ అయినంత మాత్రాన భయపడకండి. నిజంగా 32 బిట్ ప్రాసెసరే అయితే ఆశ పెట్టుకోవద్దు, క్రోమ్ లినక్స్‌లో 32 బిట్‌ని 2016లోనే వదిలేసింది, ఫైర్‌ఫాక్స్ కూడా 144తో ఆపేసింది.

షాపు సిస్టమ్‌కి మాత్రం లినక్స్ వద్దు. అను ఫాంట్ల కీబోర్డు, పేజ్‌మేకర్ విండోస్‌కి కట్టుబడినవి. ఆధార్ వేలిముద్ర మిషన్, డిజిటల్ సంతకం పెట్టే పెన్‌డ్రైవ్ లాంటి డాంగిల్, పాత లేజర్ ప్రింటర్లు కొన్ని, వీటి డ్రైవర్లు లినక్స్‌లో దొరక్కపోతే గిరాకీ గుమ్మంలో నిలబడి ఉంటే మీరు నెట్‌లో వెతుక్కుంటూ కూర్చోవాలి. లినక్స్‌ని ముందు పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా (సిస్టమ్‌లోకి ఎక్కించకుండానే) నడిపి చూడొచ్చు, హార్డ్ డిస్క్ ముట్టుకోదు. ప్రింటర్, వైఫై, తెలుగు టైపింగ్ ఆ లైవ్‌లోనే పరీక్షించి అప్పుడు నిర్ణయించుకోండి.

కొంత డబ్బు పెట్టగలిగితే

ముందు ర్యామా, ముందు ఎస్‌ఎస్‌డీనా? 2 జీబీ ఉంటే ముందు ర్యామ్. 4 జీబీ ఉండి హార్డ్ డిస్క్ ఉంటే ముందు ఎస్‌ఎస్‌డీ, మామూలు సాటా రకం 240 లేదా 256 జీబీది చాలు, ఆ తర్వాత వీలైతే ర్యామ్ 8 చెయ్యండి. 32 బిట్ విండోస్‌లో 4 జీబీకి మించి వేసినా అది వాడుకోదు, ఆ 4 జీబీ కూడా మొత్తం దక్కదు, కాబట్టి ర్యామ్ కొనే ముందు 64 బిట్ విండోస్ వేసే ఉద్దేశం ఉందో లేదో తేల్చుకోండి. డీడీఆర్2, డీడీఆర్3 రెండూ ఒకదాని స్లాట్‌లో ఒకటి పట్టవు, పాత స్టిక్ తీసి జేబులో వేసుకుని షాపుకి వెళ్లడం ఉత్తమం. కోర్ టు డుయో మీద మాత్రం ఎక్కువ పెట్టకండి, ఎస్‌ఎస్‌డీ వేస్తే తర్వాత ఇంకో సిస్టమ్‌కి మార్చుకోవచ్చు గానీ డీడీఆర్2 ర్యామ్ మీద పెట్టిన డబ్బు అక్కడే ఉండిపోతుంది.

ఇక బ్రౌజర్ మార్చే రోజు. పాత బ్రౌజర్‌ని తీసెయ్యకుండా కొత్తది పక్కన పెట్టి, ఇంపోర్ట్ ద్వారా బుక్‌మార్కులు, పాస్‌వర్డ్లు తెచ్చుకోండి. పాస్‌వర్డ్లు ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చే ఫైల్‌లో అన్నీ మామూలు అక్షరాల్లో, ఎవరు తెరిచినా చదవగలిగేలా ఉంటాయి, పని అవ్వగానే దాన్ని రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసెయ్యండి. షాపు సిస్టమ్ అయితే అసలు కస్టమర్ల పాస్‌వర్డ్లు సేవ్ అవ్వకుండా ఆ ఆప్షనే ఆపేసి, వాళ్ల పనులన్నీ ఇన్‌కాగ్నిటో విండోలో చేసి పని అయిపోగానే మూసెయ్యండి. పాత బ్రౌజర్‌ని ఒక వారం ఉంచి, ఏ సైటూ దాని కోసం అడగట్లేదని తేలాక కంట్రోల్ ప్యానెల్‌లోంచి తీసెయ్యొచ్చు.